మడుగు తోడినవాళ్ళు

పట్టపగలు, పదకొండు గంటల ఎండలో చెంచురామయ్యను జీపెక్కించారు.

మొలకలపాడు యానాది కాలనీ ముప్పై రెండు గడపలూ బయటికొచ్చి చూశాయి. ముసలాయన మొలదాకా తడిసి ఉన్నాడు. మడుగులో చేపలు పడుతున్నవాణ్ణి ఉన్నపళంగా లాక్కొచ్చారు. ఆయన వెనక ఒక కానిస్టేబులు ప్లాస్టిక్ సంచి పట్టుకుని నడుస్తున్నాడు. సంచిలో మూడు నల్లటి చేపలు. సాక్ష్యమట.

"ఏం చేశాడు సారూ మా మామ?" అని అడిగింది చెంచురామయ్య కోడలు పేరమ్మ.

మత్స్యశాఖ ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు. "నిషేధించిన చేపను ప్రభుత్వ నీళ్ళలో పెంచుతున్నారమ్మా మీరు. ఆఫ్రికా క్యాట్‌ఫిష్. అది ఉంటే మన చేపల్లో ఒక్కటి కూడా మిగలదు. తెలుసా నీకు?"

"నాకు తెలియకపోవటమేంది సారూ. నిన్నటిదాకా ఆ మన చేపల్ని తిన్నది మేమేగా." పేరమ్మ చెయ్యెత్తి డ్రెయిను అవతలి గట్టు చూపించింది. "పెంచేదానికి మాకు చెరువులెక్కడివి? చెరువులు అల్లవిగో."

అవతలి గట్టున, తూములతో ఒకదాంతో ఒకటి కలిపిన ఏడు చెరువులున్నాయి. చుట్టూ పచ్చ గుడ్డ దడి. అప్పుడే కోళ్ళ దుకాణాల వ్యర్థం నింపుకున్న లారీ ఒకటి దడి లోపలికి పోతున్నది. పేగులు, ఈకలు, తలకాయలు. ఆ చేపకు మేత అదే. ఆఫీసరు ముక్కు మూసుకున్నది ఆ కంపుకే. కానీ ముఖం మాత్రం అటు తిప్పలేదు.

చెరువుల యజమాని వేణుగోపాల్ జీపు బానెట్‌కు ఆనుకుని సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే, "సారుకి వేరే పనులున్నాయి, దారి వదలండే," అన్నాడు.

దొంగే ముందుగా దొంగా దొంగా అని కేకేశాడు. ఊళ్ళో పెద్దమనుషులు అవునవును అన్నారు. జీపు పోయింది. దుమ్ము ఆడవాళ్ళ ముఖాల మీద పడింది. ఎవరూ తుడుచుకోలేదు.

*

చీరాల నుంచి వాడరేవు సముద్రానికి పోయే దారిలో మెరకంతా మిరప, పత్తి. పల్లమంతా ఇసుక, ఉప్పునేల. ఈ రెంటి మధ్య పెద్ద డ్రెయిను పారుతుంది. మొలకలపాడు దగ్గర అది మలుపు తిరిగిన చోట లోతైన మడుగు ఉంది. డ్రెయిను ఎండినా మడుగు ఎండదు. ఆ మడుగే యానాదుల పొలం, పశువు, పెట్టె. పట్టా లేదు. తాతలనాటి నుంచీ వాళ్ళే పడుతున్నారు, వాళ్ళే కాపాడుతున్నారు.

కాపాడటమంటే ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం చివర డ్రెయిను గుంటలు గుంటలుగా చీలిపోయినప్పుడు గుడ్డు పట్టిన చేపలు ఆ గుంటల్లో ఇరుక్కుంటాయి. వాటిని చూలు చేపలంటారు. ఇంటికి రెండో మూడో చొప్పున వాటిని తడి బురదతో సహా కుండల్లోకి ఎత్తి, మోసుకుపోయి మడుగులో వదలాలి. అమ్మకూడదు, తినకూడదు. తొలకరికి అవే విత్తనం. కొర్రమీను, ఇంగిలాయి, బొమ్మిడాయి, అన్నిటికన్నా ముఖ్యంగా మార్పు చేప. జబ్బుపడి లేచినవాళ్ళకు పెట్టే చేప అది.

మామూలుగా మార్పును బురదలో పట్టేటప్పుడు బొటనవేలితో తల వెనక ఎముక నొక్కి పట్టాలి. లేకపోతే ముల్లు గుచ్చుకుంటుంది. కానీ చూలు చేప తల నొక్కకూడదు. అది ఆన. కడుపుతో ఉన్నదాన్ని ఎత్తినట్టు రెండు అరచేతులూ కింద పెట్టి ఎత్తాలి.

రెండేళ్ళ కిందటి డిసెంబరు తుఫానుకు వేణుగోపాల్ చెరువుల గట్లు తెగాయి. పచ్చగుడ్డ దడి కొట్టుకుపోయింది. చెరువులోది డ్రెయిన్లోకి వచ్చింది. వచ్చిందేమిటో అతనికి తెలుసు, నోరు మెదపలేదు. ప్రభుత్వం ఇరవై ఏళ్ళ కిందటే నిషేధించిన చేప అది. నోరు మెదిపితే చెరువులు పూడ్చాలి.

ఆ ఎండాకాలం కాలనీ ఆడవాళ్ళు ఎప్పటిలాగే కుండలు తీసుకుని బయల్దేరారు. పేరమ్మ ఒక్కతే తొమ్మిది చూలు చేపల్ని మోసింది. బలిసిన చేపలు. "ఈ ఏడు మార్పులు ఎంత పుష్టిగా ఉన్నయ్యో చూడు మామా," అని ముసలాయనకు చూపించి మురిసిపోయింది. నీళ్ళలో వదిలేటప్పుడు ప్రతి చేపకూ ఒక మాట చెప్పటం ఆమెకు అలవాటు. పోయి పిల్లల్ని కనమ్మా అని. తొమ్మిదింటికీ చెప్పింది.

కన్నాయి. లక్షల్లో కన్నాయి.

మొదటి వానాకాలానికి పరిగెల్లాంటి చిన్న చేపలు తగ్గాయి. రెండో వానాకాలానికి కప్పల అరుపు ఆగిపోయింది. మడుగు గట్టున బొరియలో ఉండే నీటికుక్కల జంట ఎటో వెళ్ళిపోయింది. ఒకరోజు నీటికోడి తన ఐదు పిల్లల్ని వెంటేసుకుని తుంగలోంచి వస్తుంటే పేరమ్మ చూసింది. ఆఖరి పిల్ల కింద నీళ్ళు కొంచెం కదిలాయి. పిల్ల లేదు. తల్లి ముందుకే పోతున్నది. రెండో పిల్ల లేదు. అవతలి గట్టు చేరేసరికి తల్లి ఒక్కతే ఉంది.

ఆ సాయంత్రం చెంచురామయ్య వలలో పడ్డ పెద్ద చేపను తల నొక్కి పట్టాడు. పట్టి అలాగే ఉండిపోయాడు. మార్పుకు తల వెనక ఎముక కోసుగా ఒక్క మొనగా ఉంటుంది. దీనికి రెండు మిట్టలు, మధ్యన గుంట.

"పేరమ్మా," అన్నాడు. "ఇది మనది కాదు."

పేరమ్మ తన రెండు అరచేతులూ చూసుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సయించలేదు. ఎవరి మీద కోపమో మొదట్లో ఆమెకే తెలియలేదు. తన చేతుల మీద అనుకుంది. చాలా రోజులు అలాగే అనుకుంది.

*

ముసలాయన్ని మూడో రోజు వదిలారు. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, నీళ్ళు కూడా అడగలేదు.

"కొట్టారా మామా?"

"కొట్టలేదు. ఏలు ముద్ర ఏయించుకున్నారు."

"దేని మీద?"

"నాకేం తెలుసు. ఏస్తే పొమ్మన్నారు."

దేని మీదో మర్నాడు పంచాయతీ గోడకు అంటించిన నోటీసు చెప్పింది. చీరాల డిగ్రీ కాలేజీలో చదువుతూ, సెలవుల్లో మిరప కోతలకు వచ్చే మగ్గాలవాళ్ళ అమ్మాయి శ్రీదివ్య దాన్ని పైకి చదివింది. నిషేధిత చేపను మడుగులో వేసింది తామేనని కాలనీవాళ్ళు ఒప్పుకున్నారు. కాబట్టి మడుగు మీద వాళ్ళకు ఏ హక్కూ లేదు. మడుగును శుభ్రం చేసే షరతు మీద వేణుగోపాల్‌కు పదేళ్ళు లీజుకు ఇవ్వాలని సోమవారం గ్రామసభలో తీర్మానిస్తారు.

"ఒప్పుకున్నదెప్పుడు?" అని ఎవరో అడిగారు.

"అర్జీలోనే ఒప్పుకున్నాం," అన్నది పేరమ్మ. నిజమే. తెలిసిన వారానికే కాలనీవాళ్ళు ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నారు. 'తెలియక మా చేతులతోనే మేము మడుగులో వేసినాము, తీయించవలెను' అని రాయించారు. నిజం రాస్తే న్యాయం జరుగుతుందనుకున్నారు. ఆ అర్జీయే కేసు కాగితమైంది.

సోమవారానికి ఐదు రోజులుంది. మడుగు పోతే ముప్పై రెండు గడపలూ మూటలు కట్టుకోవాలి.

*

మర్నాడు మధ్యాహ్నం మిరప తోటలో చెట్టు కింద కూలీలు అన్నాల దగ్గర కూర్చున్నారు. నలభై మంది ఆడవాళ్ళు. ముఠా మేస్త్రి లాల్‌బీ. కొంగు ముఖానికి అడ్డం కట్టుకుని పొద్దున్నుంచి కోస్తే చేతులు మండుతున్నాయి, మజ్జిగలో ముంచుకుంటున్నారు.

"మీరే వేశారంటగా పేరమ్మా," అన్నది పై వీధి నుంచి వచ్చిన ఒకామె. "ఊరంతా అదే అనుకుంటున్నారు."

"వేశాం," అన్నది పేరమ్మ. "నా చేతుల్తో తొమ్మిది వేశాను. అవి నా కుండలోకి ఎట్టా వచ్చినయ్యో గూడా అనుకోమను ఊరిని."

లాల్‌బీ నవ్వింది. "అమ్మ పేరమ్మా. మూడేళ్ళ బట్టీ నా ముఠాలో ఉండావు, ఇంత పెద్ద మాట ఎప్పుడూ విన్లా."

"నవ్వకక్కా. కడుపులో మండిపోతాంది."

"మండనీ. మండితేనే పని జరిగిద్ది. నాకు గూడా ఒక లెక్క ఉందిలే. రెండేళ్ళయింది నా ఇంట్లో పరిగెల పులుసు వాసనొచ్చి. పది రూపాయలకు గిన్నెడు చేపలు వచ్చేది మీ కాలనీ నుంచేగా. కూలోళ్ళకి ఇంకేం మాంసం ఉంది?"

ఆమె అలా అనేసరికి ఒక్కొక్కరూ మాట్లాడారు. బాలింతకు మార్పు దొరకలేదని ఒకామె. చెరువుల నీళ్ళు ఊరి బోరుల్లోకి దిగి పిల్లలకు ఒళ్ళంతా పొక్కులని ఇంకొకామె. అప్పటిదాకా అది యానాదుల గొడవ. ఆ చెట్టు నీడలో అది కూలోళ్ళ గొడవ అయింది.

"కలెక్టరుకి అర్జీ పెడదాం," అన్నది పై వీధి ఆమె.

"పెట్టిన అర్జీకే మా మామని జీపెక్కించారు. ఇంకోటి పెడితే నన్నెక్కిస్తారు."

శ్రీదివ్య ఫోన్ తీసింది. ఆమె గొంతు చిన్నది. లాల్‌బీ అందరినీ ఊరుకోమంటే తప్ప వినపడలేదు. "ప్రభుత్వ ఉత్తర్వు ఉందండి. ఆ చేప ఎక్కడ కనిపించినా చంపి, సున్నం వేసి పూడ్చాలని ఉంది. మడుగులో ఉన్నా, చెరువులో ఉన్నా."

"ఎవరు పూడ్చాలి?"

"ఆఫీసర్లు. పెంచినవాళ్ళ చేత పూడ్పించాలి."

పేరమ్మ అన్నం గిన్నె కింద పెట్టింది. "అయితే మనమే మడుగు తోడదాం. గూడలేసి మొత్తం తోడదాం. ఒక్కటి లేకుండా ఏరి సోమవారం వాళ్ళ ముందు పోద్దాం. మాది మేం తీశాం, నీది నువ్వు తియ్యరా అందాం."

పక్క చేలో కౌలు రైతు యలమంద నీళ్ళు మళ్ళిస్తూ ఇదంతా విన్నాడు. పార భుజాన వేసుకుని గట్టు దాటి వచ్చాడు. "మడుగు తోడతారా? నా తోటకి ఆఖరి తడి ఎవరు పెడతారు? మీ ముసలోడు ఉచ్చ పోస్తాడా?"

"ఒరేయ్ యలమందా," అన్నది లాల్‌బీ, "తోడిన నీళ్ళు ఆకాశంలోకి పోతాయంట్రా? నీ కాలవలోకే పోస్తాం. ఆయిలింజను లేకుండా తడి. నీ ఇంట్లోంచి ఇద్దరు గూడ పట్టుకోను రావాలి, నీ ట్రాక్టరు రావాలి."

యలమంద కాసేపు పార కొనతో మట్టి గీశాడు. "డీజిలు నాదేనా?"

"నీదే. లేకపోతే తడి కాదు, పొడే."

అందరూ నవ్వారు. యలమంద కూడా నవ్వాడు. అలా ఒప్పందం కుదిరింది.

ఒప్పుకోనిది చెంచురామయ్య ఒక్కడే. "నా ఏలు ఆళ్ళ కాయితం మీద పడింది. ఈ ఏలితో ఇంక నీళ్ళు ముట్టుకోను," అన్నాడు.

"నాకు ఆ ఏలే కావాలి మామా," అన్నది పేరమ్మ. "పిల్ల చేపల్లో ఏది మనదో ఏది పరాయిదో కంటికి తెలవదు. ఆఫీసరుకి తెలవదు. నీ ఏలికి తెలుసు. తప్పుడు కాయితం మీద పడ్డ ఏలు నిజం చెప్పకపోతే ఎట్టా?"

*

శుక్రవారం తెల్లారగానే మొదలుపెట్టారు. మడుగుకు ఎగువా దిగువా మట్టికట్టలు వేశారు. ఆరు గూడలు, నీళ్ళు ఎత్తిపోసే బుట్టలు. గూడకు ఇద్దరు, రెండు వైపులా తాళ్ళు పట్టుకుని ఊపాలి. ఒక జత అలిసిపోతే ఇంకో జత. మిరప కోతల ఆడవాళ్ళు కోతలు ఆపేసి వచ్చారు. నీళ్ళు యలమంద కాలవలోకి ఎర్రగా పారాయి. శనివారం మధ్యాహ్నానికి నీళ్ళు మోకాళ్ళకు దిగాయి. ఆదివారానికి అడుగు కనపడింది.

అడుగు కదులుతున్నది. బురద కనపడకుండా చేపలు. ఒకదాని మీద ఒకటి, నల్లగా, మీసాలు ఆడిస్తూ. నాలుగు కిలోలది, ఐదు కిలోలది, చిటికెన వేలంతది. నీళ్ళు లేకపోయినా చావని చేప అది. గాలి పీల్చుకుంటూ పొట్టతో పాక్కుంటూ గట్టెక్కాలని చూస్తున్నది.

పేరమ్మ దుడ్డుకర్ర పట్టుకుని దిగింది. మొదటి దెబ్బ జారి బురదలో పడింది. రెండోది జారలేదు. ప్రతి దెబ్బకూ ఆ పిల్లలు లేని నీటికోడి ఆమె కళ్ళ ముందు ఈదింది. కోపం తన చేతుల మీద కాదని ఆ బురదలో ఆమెకు తెలిసింది. చేతులు చేసింది తప్పు కాదు, చేతుల్ని మోసం చేశారు. మోసం చేసినవాడు అవతలి గట్టున పచ్చగుడ్డ వెనక నిలబడి చూస్తున్నాడు.

"చూడు," అన్నది పేరమ్మ అటు తిరిగి, గట్టిగా కాదు. "బాగా చూడు."

చిన్న చేపలన్నీ బుట్టల్లో గట్టు మీదికి పోయాయి. అక్కడ చెంచురామయ్య కూర్చున్నాడు. ఒక్కొక్కదాన్నీ తీసుకుని బొటనవేలితో తల వెనక తడిమాడు. "పరాయిది." పక్కన పడేశాడు. "పరాయిది. పరాయిది." ఆయన గొంతు పోయేదాకా అదే మాట. ఎప్పుడో ఒకసారి వేలు ఆగేది. కళ్ళు మూసుకుని ఇంకోసారి తడిమేవాడు. అప్పుడు అందరూ పని ఆపి చూసేవాళ్ళు. "మనది" అంటే లాల్‌బీ కుండ మూత తీసేది.

ఆదివారం సాయంత్రానికి కుండలో పదకొండు మార్పులున్నాయి. కొర్రమీన్లు నాలుగు. ఇంగిలాయి ఒక్కటి లేదు. అంత మడుగులో మిగిలింది అదే.

చచ్చిన పరాయి చేపలకు యలమంద ట్రాక్టరు ట్రక్కు సరిపోలేదు. ఇంకో ట్రక్కు తెచ్చారు.

*

సోమవారం పది గంటలకు గ్రామసభ. టెంటు కింద కుర్చీల్లో ఆఫీసరు, ఎస్సై, వేణుగోపాల్, పెద్దమనుషులు. ఆ రెండు ట్రక్కులూ టెంటు ముందుకొచ్చి ఆగాయి. వెనక మూడొందల మంది. యలమంద లివరు లాగాడు. చేపలు కుర్చీల కాళ్ళ దాకా జారాయి.

పెద్దమనుషులు లేచి నిలబడ్డారు.

"మడుగు శుభ్రం చేయటానికేగా లీజు," అన్నది పేరమ్మ. ఆమె ఎప్పుడూ అంతమంది ముందు నోరు విప్పలేదు. మాట మొదట్లో తడబడింది. "శుభ్రమయింది. ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. ఇంక ఆయన ఏడు చెరువులు మిగిలినయ్యి. పదండి సారూ, కలిసి తీద్దాం."

"అట్లా మాట్లాడకూడదమ్మా," అన్నాడు ఆఫీసరు. "చెరువులు తనిఖీ చెయ్యాలంటే పైనుంచి ఉత్తర్వు రావాలి."

"మా మామని జీపెక్కించటానికి యాడ నుంచి వచ్చింది ఉత్తర్వు?"

"అది వేరు."

"ఎట్టా వేరు? ఆయన తెలవక ఏశాడు, జీపెక్కాడు. ఈయన తెలిసి పెంచుతున్నాడు, కుర్చీ ఎక్కాడు. అదేనా వేరు?"

శ్రీదివ్య ఫోన్‌లో ఉత్తర్వు పెద్దగా చదివింది. ఈసారి ఎవరూ ఊరుకోమనాల్సిన పని లేకపోయింది. నలభై ఫోన్లు వీడియో తీస్తున్నాయి. ఆఫీసరు మింగలేక కక్కలేక అటూ ఇటూ చూసి, "సరే. రేపు ఉదయం తనిఖీకి వస్తాం. రాసిస్తాను," అన్నాడు.

రాస్తూ ఉండగా లాల్‌బీ చుట్టూ చూసింది. వేణుగోపాల్ కుర్చీ ఖాళీగా ఉంది.

"వీడేడి?" అన్నది.

జవాబు డ్రెయిను వైపు నుంచి వచ్చింది. పొక్లెయిన్ చప్పుడు. పేరమ్మకు క్షణంలో అర్థమైంది. రేపు తనిఖీ అంటే ఈరోజే చెరువుల్ని డ్రెయిన్లోకి వదిలేస్తాడు. రేపు వచ్చేసరికి చెరువులు ఖాళీ. ఆ లక్షల చేపలూ మళ్ళీ మడుగులో. మళ్ళీ యానాదులే దొంగలు.

ఆమె పరిగెత్తింది. మూడొందల మందీ పరిగెత్తారు.

వాళ్ళు పోయేసరికి పొక్లెయిన్ డ్రెయిను వైపు గట్టును సగం తవ్వేసింది. ఇంకో నాలుగు తొట్లు ఎత్తితే తెగిపోతుంది. అందరికన్నా వెనక పరిగెత్తిన చెంచురామయ్య ఎలా వచ్చాడో అందరికన్నా ముందు ఆ గండిలోకి జారి, తొట్టి కింద కూర్చున్నాడు. పక్కన పేరమ్మ. పక్కన కాలనీ ఆడవాళ్ళు, చేపలు పట్టే ఊతలూ వలలూ అడ్డం పెట్టుకుని.

"తొయ్యరా," అని వేణుగోపాల్ డ్రైవరు మీద అరిచాడు. "ఆగావంటే రేపట్నుంచి నీకు ఈ జిల్లాలో పని లేదు."

డ్రైవరు గౌస్ బాషా నలభై ఏళ్ళవాడు, ముగ్గురు పిల్లల తండ్రి. తొట్టి గాలిలో ఊగుతున్నది. దాని కొనల నుంచి ముసలాయన నెత్తి మీద మట్టి రాలుతున్నది.

లాల్‌బీ గట్టెక్కింది. "ఒరేయ్ గౌసూ. నీ పెళ్ళాం పురిటికొచ్చినప్పుడు మార్పులు పట్టి తెచ్చిందెవరో గుర్తుందా? ఆ ముసలాయన. తొట్టి దించు, ఆయన మీదకే దించు. నేను చూస్తా."

గౌస్ బాషా ముఖం తుడుచుకున్నాడు. ఇంజన్ ఆపాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. పొక్లెయిన్ మెల్లగా వెనక్కి తిరిగింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అమ్మా, తవ్విన గట్టు ఎట్టాగూ ఆగదు, తెగిద్ది," అన్నాడు. "ఇంకో వైపు తెగ్గొడితేనే డ్రెయిను దక్కిద్ది. ఏ వైపో చెప్పండి."

చెరువులకు ఇంకో వైపు పల్లంలో వేణుగోపాల్ మిరప కళ్ళం. పది ఎకరాల కాయ, ఎర్రగా ఎండుతున్నది. వారంలో గుంటూరు యార్డుకు పోవాల్సిన కాయ.

పేరమ్మ అటు చూసింది. ఆ కాయ కోసింది లాల్‌బీ ముఠాయే. పేరమ్మ చేతులూ ఉన్నాయి దాంట్లో. ఆమె లాల్‌బీ వైపు తిరిగింది.

"నన్నేం చూస్తావు," అన్నది లాల్‌బీ. "మేం కోసిన కాయ. కూలి తీసుకున్నాం. ఇప్పుడది ఆయనది."

పేరమ్మ కళ్ళం వైపు చెయ్యి చాపింది.

తొట్టి దిగింది. గట్టు ఒక నిట్టూర్పులా విడిపోయింది. ఏడు చెరువుల కుళ్ళు నీళ్ళు, ఈకలు, చేపలు ఒక్కసారిగా ఎర్ర కళ్ళం మీదికి దూకాయి. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోయాయి. చేపలు మిగిలాయి. ఆ మిరపకాయల మీద వేలకు వేలు నల్లగా పాకుతూ, ఘాటుకు నోళ్ళు తెరుస్తూ, మీసాలతో దారి వెతుక్కుంటూ పోతున్నాయి.

వేణుగోపాల్ చెప్పులు జారి పడిపోయాడు. లేచి దోసిళ్ళతో కాయ ఏరాలని చూశాడు. కాయతో పాటు చేప వచ్చింది. పేరమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది.

"తల మీద ఏలు పెట్టి చూడు బాబూ," అన్నది. "నీయో కావో తేల్చుకో."

అతను చేతిలోని చేపను వదిలేసి వెనక్కి జరిగాడు.

ఆ తర్వాత పొద్దు వాలేదాకా కర్రలాడాయి. కొడవళ్ళాడాయి. గౌస్ బాషా గొయ్యి తవ్వాడు. యలమంద సున్నం తెచ్చాడు. ఆఫీసరు వచ్చి దూరంగా నిలబడితే శ్రీదివ్య ఆయనకు ఉత్తర్వులోని ఐదో వాక్యం చూపించి, "సరిగ్గా ఇలాగే అండి," అన్నది.

*

గట్టు తెగ్గొట్టినందుకు, ఆస్తి నష్టం చేసినందుకు పధ్నాలుగు మందిని పట్టుకున్నారు. పేరమ్మ, చెంచురామయ్య, లాల్‌బీ, యలమంద, గౌస్ బాషా అందులో ఉన్నారు. స్టేషన్ వరండాలో కింద కూర్చోబెట్టారు. వేణుగోపాల్ మీద కూడా కేసు రాస్తామన్నారు. ఎప్పుడో చెప్పలేదు.

మంగళవారం పొద్దున ఎనిమిదికి స్టేషన్ ముందు మనుషులు చేరారు. మొలకలపాడువాళ్ళు కాదు. వరండాలోని వాళ్ళు ఎవరినీ గుర్తుపట్టలేదు. ముందు నడుస్తున్నది బొట్టు పెద్దగా పెట్టుకున్న ఒక నడివయసు ఆడమనిషి. వెనక అరవై డెబ్భై మంది. ఇద్దరిద్దరికి ఒక గూడ ఉంది, తాళ్ళు భుజాలకు చుట్టుకుని ఉన్నారు.

ఎస్సై బయటికొచ్చాడు. "ఎవరు మీరు? జామీనుకా?"

"జామీను సంగతి మాకు తెలవదు సారూ. నా పేరు హనుమాయమ్మ. మాది గరికపాలెం, డ్రెయిను దిగువన. వీళ్ళు ఇంకో రెండూళ్ళోళ్ళు. వేణుగోపాల్ బాబుకి మా దగ్గర గూడా చెరువులుండయ్యి. మా మడుగు గూడా చచ్చింది. నిన్నటిది ఫోన్లలో చూశాం. మీ వరండాలో ఉన్నోళ్ళని ఒక మాట అడిగి పోదామని వచ్చాం."

"ఏం మాట?"

హనుమాయమ్మ ఆయన పక్కనుంచి లోపలికి చూసింది. "తోడటం ఎట్టా మొదలుపెట్టారో అడగాల."

కానిస్టేబులు లాఠీ పట్టుకున్నాడు. ఎస్సై ఆ డెబ్భై మందినీ చూసి, లాఠీ దించమని చెయ్యూపాడు.

పేరమ్మ గోడ పట్టుకుని లేచి నిలబడింది. రాత్రంతా కూర్చుని కాళ్ళు మొద్దుబారాయి. చేతులకు ఇంకా సున్నం ఉంది.

"మేం ముందు మడుగు తోడాం," అన్నది, ఎస్సైకి కూడా వినపడేట్టు. "అది తప్పయింది. ఆయనకి టయిమిచ్చాం. మీరు ముందు చెరువు గట్ల మీద మనుషుల్ని కూర్చోబెట్టండి. డ్రెయిను వైపు గట్టు మీద కొంచెం ఎక్కువమందిని. మడుగు తర్వాత."

హనుమాయమ్మ తలూపింది. వెనక్కి తిరిగి గూడల వాళ్ళతో అదే మాట మళ్ళీ చెప్పింది. వాళ్ళు తమ వెనకున్నవాళ్ళకు చెప్పారు. తాళ్ళు సర్దుకుని, ఎండ ముదరకముందే దిగువ దారి పట్టారు.